ఆయ్ అనడం మానేసిన కోడలు

లక్ష్మీతులసి రెండో పెసరట్టు పెనం మీద వేసేసరికే వీధరుగు మీద తండ్రీకూతుళ్ళ పోట్లాట మొదలైంది. అమలాపురంలో ఆ వీధి వీధంతా వినేలా అరుచుకుంటున్నారు. గొడవ ఆస్తి గురించి కాదు, ఒక దెయ్యం గురించి.

కృష్ణమోహన్ నాటకాల పిచ్చి ఉన్న తెలుగు మాస్టారు. తల్లి సత్తెమ్మ పోయిన మరుసటి ఏడు, కూతురు దుర్గాసాయి ఇంకా బడికి వెళ్ళే రోజుల్లో, ఆయన రాసిన 'అటక మీద అత్తగారు' సినిమా గోదావరి జిల్లాలని ఊపేసింది. చచ్చిపోయిన అత్తగారు ఊరగాయ జాడీల మధ్య అటక మీద మకాం పెట్టి, కిందున్న కోడలికి హుకుములు జారీ చేస్తుంది. కోడలు దేనికైనా, అలాగేనండీ అనే బదులు కోనసీమ తీరున "ఆయ్" అంటుంది. ఇప్పటికీ టీవీలో వేస్తే జనం కదలకుండా చూస్తారు. ఇన్నాళ్ళకి నిర్మాత రెండో భాగం అడిగాడు. హైదరాబాదులో సినిమాలకి రాస్తున్న దుర్గాసాయి, తండ్రితో కలిసి అది రాయడానికే వచ్చింది.

"అటక ఉండాలి, జాడీలుండాలి, కోడలి ఆయ్ ఉండాలి. జనం వచ్చేది వాటికోసమే" అన్నాడు కృష్ణమోహన్.

"అవే చూడాలంటే టీవీలో ఊరికే వస్తున్నాయి కదా నాన్నా! హాలుకెందుకొస్తారు? ఇన్నేళ్ళ తర్వాత అత్తగారు అటక ఎందుకు దిగిందో చెప్పాలి. కొత్త సంగతి లేకపోతే ఆవిడని అక్కడే వదిలెయ్యండి, పాపం."

"దెయ్యానికి కారణాలేంటే!"

విసుగెత్తిన దుర్గాసాయి ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, కోడలి వేషం వేసే అమ్మాయికి మన ఆయ్ పలకడం రావట్లేదంట. 'హాయ్' అంటోందంట. నువ్వొక్కసారి అను, రికార్డు చేసి పంపుతాను."

"నాకు రాదు."

దుర్గాసాయి పకపకా నవ్వింది. "కోనసీమలో పుట్టి ఆయ్ రాదంటావేంటి?"

"మానేసేను" అంది తులసి, పొయ్యి ఆపేస్తూ.

అప్పుడే ప్రహరీ అవతల నుంచి పక్కింటి బేబీ కేకేసింది. "తులసి గారూ, మబ్బేసిందండీ, బట్టలు తీసేసుకోండి!"

"అలాగేనండీ" అంది తులసి.

దుర్గాసాయి నవ్వు ఆగిపోయింది. ఆ వీధిలో ఇంకెవరైనా అయితే ఆయ్ అనేవారు. చిన్నప్పుడు ఈ ఇంట్లో రోజంతా ఆ మాట వినబడేది. ఎప్పుడు ఆగిపోయిందో తను గమనించనే లేదు. మాటలు రాసి బతికే మనిషికి సొంత అమ్మ నోట్లోంచి ఒక మాట పోయిందని తెలియలేదు.

కృష్ణమోహన్ గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటి తులసీ ఆ బిగింపు? ఊరంతా మెచ్చుకున్న మాట. ఒక్కసారి అంటే నీ సొమ్మేం పోయింది?"

తులసి అట్లకాడ గట్టు మీద పడేసింది.

"ఎవర్నండీ మెచ్చుకున్నారు? మిమ్మల్ని! మొదటాటకి కొత్తచీర కట్టుకుని మీ పక్కన కూర్చున్నాను. 'నూతిలో దూకవే' అంటుంది అత్తగారు, 'ఆయ్' అంటుంది ఆ తింగరి కోడలు. హాలంతా పడీ పడీ నవ్వేరు. విశ్రాంతిలో లైట్లు వేసేసరికి ముందు వరసలో ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగి నన్నే చూసేరు. మర్నాటి నుంచి బజారుకెళ్తే చాలు, 'ఆయ్ కోడలు గారొచ్చేరు' అనడం. మా అన్నయ్య కూతురి పెళ్ళిలో వియ్యాలవారు నాచేత ఆయ్ అనిపించి మరీ నవ్వేరు. మీరూ నవ్వేరు!"

"సరదాకన్నారు కదా..."

"మీకు సరదా. రాసేముందు నన్నడిగేరా?"

అడగలేదు. ఇంట్లో మనిషిని ఊరికి నవ్వులపాలు చేసేముందు ఒక మాట అడగాలన్న ఇంగితం ఆ తెలుగు మాస్టారికి లేకపోయింది.

"మీ అమ్మగారికి మంచం పట్టేక చూపు కూడా పోయింది. 'తులసీ, ఉన్నావా?' అని గదిలోంచి పిలిచేవారు. నేను ఏ పనిలో ఉన్నా 'ఆయ్, ఉన్నానండీ' అనేదాన్ని. అది వింటే గానీ ఆవిడకి నిద్ర పట్టేది కాదు. మీరు నాటకాలకి తిరుగుతుండేవారు. ఆవిడ నా చేతుల్లో పోయినప్పుడు కూడా ఆఖర్న విన్నది ఆ మాటేనండీ. దాన్ని మీరు బుద్ధిలేనిదాని మాట చేసేరు. ఇంకెలా అనమంటారు నన్ను?"

తులసి గోడవైపు తిరిగింది. కృష్ణమోహన్ పీట మీద కూలబడ్డాడు. తల్లి ఆఖరి రోజుల గురించి ఆయన ఎన్నడూ అడిగింది లేదు. సినిమా మాత్రం రాసేశాడు.

దుర్గాసాయి కళ్ళు తుడుచుకుంది. "అత్తగారు అటక ఎందుకు దిగిందో తెలిసింది నాన్నా. పైనుంచి పిలుస్తుంటే పలికేవాళ్ళు లేరు. కోడలు ఆయ్ అనడం మానేసింది. ఎవరు మాన్పించేరో కనుక్కోవడానికి దిగుతుంది. ఇంట్లో ఒక్కొక్కళ్ళనీ జుట్టు పట్టుకుని నిలదీస్తుంది."

"మళ్ళీ నన్నే అమ్ముకుంటారా?" అని కస్సుమంది తులసి.

"నువ్వు వద్దంటే ఇక్కడితో ఆపేద్దాం అమ్మా. నిర్మాతకి నేను చెప్తాను."

కృష్ణమోహన్ తలెత్తాడు. "రాయమంటావా తులసీ? ప్రతి పేజీ ముందు నువ్వే చదువు. నచ్చనిది కొట్టేద్దాం."

"కొట్టేసేది నేను. మీరు కాదు."

"నువ్వే."

"నూతిలో దూకమనడం ఉంటే, ఈసారి ఆవిడ తన కొడుకుని దూకమనాలి."

"ఆయ్" అన్నాడు కృష్ణమోహన్.

పెద్దవాళ్ళకీ పరాయివాళ్ళకీ అనే ఆ మాటని ఆయన భార్యతో అనడం అదే మొదలు. ఆవిడకి "ఊఁ" చాలనుకుని ఇన్నేళ్ళూ బతికాడు. తులసి మాత్రం కరిగిపోలేదు. అట్లకాడ ఆయన చేతిలో పెట్టి, వెళ్ళి వీధరుగు మీద ఆయన కుర్చీలో కూర్చుంది. దుర్గాసాయి దండెం మీద బట్టలు తీసుకొచ్చి పక్కనే మడతపెడుతోంది.

కాసేపటికి లోపల్నుంచి కృష్ణమోహన్ పిలిచాడు. "తులసీ, ఉన్నావా? అల్లం ఎక్కడుంది?"

తులసి ఉలిక్కిపడింది. అచ్చం అత్తగారి పిలుపే. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. దుర్గాసాయి రికార్డు చేద్దామని ఫోను అందుకోబోయి, దాన్ని బోర్లించేసింది.

"ఆయ్" అంది తులసి. "ఉన్నానండీ. మీ కళ్ళెదురుగానే ఉంది, నూనె డబ్బా వెనకాల."