ముప్పై ఎనిమిదో ఇంటి ఊపిరి

చువాబాహ్‌లో చీకటి పడ్డాక ముప్పై ఎనిమిదో ఇంటి వైపు ఎవరూ వెళ్లరు.

ఊరంతా లోయకి ఇటుపక్క ఉంటే ఆ ఇల్లొక్కటే అటుపక్క, మొక్కజొన్న చేలు దాటాక, పైన్ చెట్ల కింద ఉంటుంది. పగలు చూస్తే ఏమీ లేదు. మట్టి గోడలు, రేకుల కప్పు, గొళ్లెం కూడా సరిగ్గా పడని తలుపు. రాత్రి చూసినవాళ్లే వేరేగా చెబుతారు. ఏడాది పొడుగునా చీకటిగా ఉండే ఆ వంటింట్లో ఫిబ్రవరిలో ఒక్క రాత్రి దీపం వెలుగుతుందట... ఒక్క గంట. తర్వాత దానంతటదే ఆరిపోతుందట.

ఆ గంటసేపు కుక్కలు కూడా మొరగవని అంటారు. కుక్కల సంగతి నమ్మకండి, అది చెప్పేవాళ్లు కలిపింది. దీపం మాత్రం నిజమే.

ఓదిలియా చొహొలాన్‌కి ఈ కథ తెలీదు. ఆమెకు తెలిసినవల్లా అంకెలు.

షేలా నగరంలోని విశ్వవిద్యాలయం వాళ్లు ఎనిమిదేళ్ల కిందట కొండమీది పదకొండు ఊళ్లలో వంట చేసే ఆడవాళ్లకి పొగగొట్టం ఉన్న ఇనప పొయ్యిలు ఇచ్చారు. పొగ తగ్గితే ఊపిరితిత్తులు బాగుపడతాయా అన్నది ప్రశ్న. ప్రతి ఫిబ్రవరిలో ఒక మనిషి భుజానికి సంచి వేసుకుని ఇల్లిల్లూ తిరగాలి. సంచిలో మూడు శాస్త్రాలు ఉంటాయి: సంసారం గురించి అడిగే నలభై ఒక్క ప్రశ్నలు, ఊపిరి బలం కొలిచే గొట్టం, గాలిలో మసి ఎంతుందో లెక్కపెట్టే చిన్న పెట్టె. పొగ ఉండేది రాత్రి వంటప్పుడు కాబట్టి వెళ్లాల్సింది కూడా రాత్రిపూటే.

పది ఊళ్లలో ఆడవాళ్ల ఊపిరితిత్తులు వయసుతోపాటు అరిగిపోతూనే ఉన్నాయి. చువాబాహ్‌లో మాత్రం బాగుపడుతున్నాయి! ఏటేటా, ఆగకుండా. ఎందుకు? ఓదిలియా పరిశోధనంతా ఆ ఒక్క ‘ఎందుకు’ మీదే. మే నెలలో పరీక్షకుల ముందు నిలబడాలి. నెగ్గితే డాక్టరేటు, శాఖలో ఖాళీగా ఉన్న ఉద్యోగం. లేకపోతే తనకి నలభై ఏళ్లప్పుడు టీచరు పని మాని వదిలేసి వచ్చిన ఏడో తరగతి పిల్లల దగ్గరికి, కప్ప బొమ్మ గీసి భాగాలు గుర్తించమనడానికి, మళ్లీ వెళ్లాలి.

ఆరేళ్లు ఆ ఊరి గురించి రాసింది గానీ ఊరు చూడ్డం ఇదే మొదటిసారి. ఏటా జీతమిచ్చి ఎవరో ఒక పిల్లని పంపేవాళ్లు. ఈ ఏటి పిల్ల పెళ్లి చేసుకుని మానేసింది. పరిశోధన నడిపే ప్రొఫెసరుగారికి మోకాళ్ల నొప్పులు. దాంతో సంచి ఓదిలియా భుజానికొచ్చింది.

మూడు సాయంత్రాల్లో పదమూడు ఇళ్లు అయిపోయాయి. అందరూ చెప్పిన వయసుకన్నా చిన్నగా, నిగనిగలాడుతూ కనిపించారు. ‘పొగ లేని వంటిల్లు మనిషిని ఎంత మారుస్తుందో’ అని ఆమె డైరీలో రాసుకుంది కూడా. ఇక మిగిలింది పద్నాలుగోది, జాబితాలో చివరిది, ముప్పై ఎనిమిదో నంబరు.

కింది ఊరి ఎలిసేయో తన పికప్పు బండిలో తీసుకొచ్చాడు. లోయ అంచున బండి ఆపాడు.

“ఇక్కడితో సరి డాక్టరమ్మా.”

“ముందుకి రోడ్డుందిగా?”

“రోడ్డుంది. నేనే రాను.”

“నేనింకా డాక్టర్ని కాలేదు గానీ, ఏమిటి సంగతి? పెట్రోలా?”

“ఎవరింటికి మీరు?”

“దోన్యా మికాయెలా బాకియాష్ ఇంటికి.” పెద్దావిడల్ని ఆ కొండల్లో దోన్యా అనే పిలుస్తారు.

ఎలిసేయో ఇంజను ఆపేశాడు. లోయలో నీళ్ల చప్పుడు అప్పుడు వినిపించింది.

“ఏ మికాయెలా? ఎడమ కాలు ఈడ్చేది, ఆవిడా?”

“కాలు సంగతి నాకు తెలీదు. డెబ్బై మూడేళ్లావిడ.”

“ఆవిడ పోయి మూడేళ్లయింది డాక్టరమ్మా. శవపెట్టె ఈ బండిలోనే ఎక్కించారు. వెనక చక్రం బురదలో దిగబడితే నేనే దిగి తోశాను.”

ఓదిలియా నవ్వింది. “నిరుడు ఫిబ్రవరిలో ఆవిడ మా గొట్టంలో ఊదింది ఎలిసేయో. నా దగ్గర కాగితం ఉంది.”

అతను నవ్వలేదు. సిలువ గుర్తు వేసుకున్నాడు. “నిరుడు దీపం కనిపించింది కందెలారియా పండగ అయిన మూడో రోజు...”

ఫోను వెలుతురులో ఆమె కాగితం తీసింది. ఫిబ్రవరి అయిదు. పండగ రెండున.

“...ముందటేడు?” ఆమె గొంతు కొంచెం తగ్గింది.

“పండగ వెళ్లిన వారానికి. నా దూడ చచ్చిన రోజు, మర్చిపోతానా? తొమ్మిదో తారీఖు.”

రెండో కాగితం. ఫిబ్రవరి తొమ్మిది.

దెయ్యమంటే భయపడి వెనక్కి తిరిగేవాళ్లు లోకంలో చాలామంది. దెయ్యం కాకూడదు దేవుడా, మనిషే అయ్యుండాలి, ఊపిరి పీలుస్తూ ఉండాలి అని మొక్కుకుంటూ చీకట్లో కొండెక్కింది మాత్రం ఓదిలియా ఒక్కతే అయ్యుంటుంది. చచ్చిన మనిషి మూడేళ్లు ఊదిందని పరీక్షకులకి తెలిస్తే ఆ అధ్యాయం గతేమిటి?

మంచు కిందికి దిగుతోంది. మొక్కజొన్న మోళ్లు కాళ్లకి గుచ్చుకుంటున్నాయి. సంచిలో మసి పెట్టె నడుముకి కొట్టుకుంటోంది — టక్... టక్... ఆమె ఆగితే అదీ ఆగుతోంది. అది తెలిసి కూడా ఆమె రెండుసార్లు ఆగి చూసుకుంది.

పైన్ చెట్ల కింద... దీపం.

తలుపు తోసింది. వంటింటి చివరి మూలలో ఒక్క కొవ్వొత్తి. దాని వెనక పొట్టి పీట మీద ఒక ఆడమనిషి. శాలువా తలమీంచి ముక్కుదాకా కప్పుకుంది. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. అవీ సరిగ్గా కాదు.

“వచ్చావా తల్లీ...” గుసగుసగా అంది. “కూర్చో. తలుపు దగ్గరగా వెయ్యి... గాలి.”

‘మాట్లాడుతోంది. బతికే ఉంది!’ ఓదిలియాకి ప్రాణం లేచొచ్చింది. పెట్టెని మేకుకి తగిలించి మీట నొక్కింది. లోపలి చిన్న పంకా జుయ్‌మంది.

అంకె చూసింది. మళ్లీ చూసింది. వంట అయిన వంటింట్లో ఎంత మంచి పొయ్యి ఉన్నా అరవై వస్తుంది, యాభై వస్తుంది.

నాలుగు.

నడి అడవిలో పెట్టినా నాలుగు రాదు.

“ఈ... ఈ రాత్రి ఏం వండారు దోన్యా?” అది ఆరో ప్రశ్న.

“మొక్కజొన్న కుడుములు... బీన్స్.”

ఓదిలియా ఏమీ ఎరగనట్టు చెయ్యి చాపి పొయ్యి మీద పెట్టింది. చల్లగా ఉంది. అప్పుడే చల్లారిన చలువ కాదు... రాయి చలువ. పొయ్యి నోట్లో సాలెగూడు, దాని మధ్యలో సాలీడు.

గొట్టం అందించింది. శాలువాలోంచి ఒక చెయ్యి వచ్చి తీసుకుని లోపలికి పోయింది. అప్పుడు ఊదింది చూడండి... శాలువా కిందినుంచి వచ్చిన గాలికి కొవ్వొత్తి మంట పక్కకి పడుకుంది!

మూడు వందల తొంభై.

నాలుగేళ్ల కిందట ఇదే మనిషి ఊదితే నూట అరవై. డెబ్బై మూడేళ్ల మనిషి దగ్గర ఇంత ఊపిరి ఎక్కడిది? ఎవరి ఊపిరి ఇది?

లేచి పరుగెత్తాలనిపించింది. కానీ ప్రశ్నలు సగంలో వదలకూడదు, ఒక్క మాట మార్చకూడదు, వరస తప్పకూడదు. ఆ నియమాలు రాసిందే ఓదిలియా. ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. చివరికి నలభై ఒకటోది వచ్చింది.

“గడిచిన పన్నెండు నెలల్లో... ఈ ఇంట్లో... ఎవరైనా చనిపోయారా?”

మూలలో శాలువా కొంచెం ముందుకి వంగింది.

“పన్నెండు నెలల్లోనా?” గుసగుస.

“అవును.”

“పన్నెండు నెలల్లో... ఎవరూ పోలేదు.”

ఆ తర్వాతి ప్రశ్న కాగితం మీద లేదు. ఎనిమిదేళ్లలో ఎవరూ అడగలేదు.

“అంతకు ముందు?”

కళ్లు రెప్ప వెయ్యలేదు. మంట నిటారుగా నిలబడింది. మెల్లిగా... శాలువా లోపల, గుండెలున్న చోట... నీలంగా ఏదో వెలిగింది.

వెలిగి, మరింబా పాట వాయించింది. సెల్‌ఫోను!

ఆ మనిషి కంగారుగా ఎక్కడో నొక్కింది. ఒక ఆడపిల్ల గొంతు వంటిల్లంతా మోగింది: “అమ్మా! ఆ కాగితాలావిడ పోయిందా లేదా? బీన్స్ కుండ గ్యాస్ మీద పెట్టేసి పోయావు, అడుగంటింది!”

“కట్టెయ్యవే! గ్యాస్ కట్టెయ్! నీ కళ్లేం చేస్తున్నాయి?” గుసగుస లేదు, ఏమీ లేదు. లోయ అవతలికి వినిపించే గొంతు. శాలువా జారిపోయింది. నలభై, నలభై రెండేళ్ల మొహం, పైవరసలో ఒక బంగారు పన్ను.

ఆవిడ ఫోను కట్టేసి, శాలువా భుజాల మీదికి లాక్కుంది.

“నా పేరు తోమాసా,” అందావిడ. “మికాయెలా మా పెద్దమ్మ.”

“నీకు సిగ్గుగా లేదూ?”

“ఉంది. అందుకేగా ముసుగు.”

ఓదిలియా కాళ్లు చాపుకుని నేలమీదే కూలబడింది. “ఎందుకు చేశావమ్మా?”

“మీ కాగితంలోనే ఉందిగా. ఊళ్లో మీ లెక్కకి పద్నాలుగు మంది ఉంటేనే మీరు పంపే డాక్టరు కొండెక్కుతాడు. ఒక్కరు తగ్గినా ఊరు జాబితాలోంచి పోతుంది. మీ పిల్లే వచ్చి చదివి వినిపించింది. పెద్దమ్మ పోయేనాటికి నా కోడలికి ఎనిమిదో నెల. బిడ్డ అడ్డం తిరిగింది. నన్నేం చెయ్యమంటారు? పెద్దమ్మ గుర్తింపు చీటీ నా దగ్గర ఉంది. ఫోటోలు తియ్యకూడదని మీరే రూలు పెట్టుకున్నారు. మీవాళ్లేమో ఏడాదికో కొత్త మొహం.”

“మరి ఈ అంకెలు? ఏటేటా పెరిగాయి!”

తోమాసా కొంచెం గర్వపడింది. “మొదటి ఏడు ముసలావిడలా మెల్లిగా ఊదాను, అనుమానం రాకూడదని. అయినా మీ పిల్ల ఎగిరి గంతేసింది, పొయ్యి పనిచేస్తోందని. పాపం సంతోషపడుతోంది కదా అని మరుసటేడు ఇంకాస్త గట్టిగా ఊదాను. ఇవాళ పెద్దామె స్వయంగా వస్తోందన్నారు...”

“అందుకని?”

“ఉన్నదంతా ఊదేశాను.”

ఓదిలియా జేబులోంచి పెన్ను తీసింది. చాలాసేపు పట్టుకుని కూర్చుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటే అడిగేవాళ్లు లేరు. ప్రొఫెసరుగారి మోకాళ్లు ఈ కొండెక్కవు. పరీక్షకులు అంకెలే చూస్తారు, సాలెగూళ్లు చూడరు. ఎలిసేయో రాత్రి కథకి ఇంకో ముక్క కలుపుకుంటాడు, అంతే.

చివరికి పేరు మీద అడ్డంగా గీత గీసి పక్కన ‘మరణించారు’ అని రాసింది. మూడేళ్ల అంకెలూ కొట్టేసింది. అనుకున్నంత బాధ కలగలేదు. పద్నాలుగులో ఒకటి పోయింది, పదమూడు ఉన్నాయి. అధ్యాయానికి చిన్న గాటు పడుతుంది, అంతే కదా. నిజం ఒప్పుకున్నదాన్ని పరీక్షకులు కొంచెం మెచ్చుకోవచ్చు కూడా.

“డాక్టరు సంగతి నేను మాట్లాడతాను,” అంది లేస్తూ. “పదమూడున్నా పంపమంటాను.”

“పదమూడా...” అంది తోమాసా.

తలుపు దాకా వెళ్లిన ఓదిలియా ఆగింది. చెప్పిన వయసుకన్నా చిన్నగా, నిగనిగలాడిన ఆ పదమూడు మొహాలు గుర్తొచ్చాయి.

“తోమాసా... మీ పెద్దమ్మ ఒక్కరేనా?”

తోమాసా ఆమె వైపు చూడలేదు, కొవ్వొత్తి వైపు చూసింది.

“అందరూ పెద్దవాళ్లే కదా డాక్టరమ్మా. ఎనిమిదేళ్లంటే మాటలా...”

తర్వాత పెదాలు మాత్రం కదిలిస్తూ, ఒక్కొక్క పేరే తలుచుకుంటూ, చిటికెన వేలితో మొదలుపెట్టి లెక్కపెట్టసాగింది. ఉంగరం వేలు... నడిమి వేలు... చూపుడు వేలు... బొటనవేలు కూడా ముడిచింది. అప్పుడు కొవ్వొత్తిని కాస్త పక్కకి జరిపి, శాలువాలోంచి రెండో చెయ్యి బయటికి తీసింది.