విరిగిన ఉలికి కమలాపండు

కొలిమి పండగ నాడు సంజో ఊళ్ళో ఏ కమ్మరీ కొలిమి రాజేయడు. తిత్తికి సెలవు, సమ్మెటకు సెలవు. సెలవు లేనిది ఇంటి ఆడవాళ్ళకే. చిహారు తెల్లవారకముందే లేచి అన్నం వండి, మిసో చారు కాచి, కొలిమి ముందు కొత్త చాప పరిచి, బుట్టెడు కమలాపళ్ళు తుడిచి పెట్టింది. ఇంట్లో ఉన్న ప్రతి పనిముట్టునూ తుడిచి, నూనె రాసి, ఆ చాప మీద ఉంచి, ఒక్కోదానికీ ఒక్కో పండు పెట్టాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ.

ఆమె మామగారు తొకుమత్సు ఉలులకు పెట్టింది పేరు. ఆయన ఒక్కగానొక్క కొడుకు శుంజి మాత్రం కొలిమికి దండం పెట్టి వడ్రంగిగా వెళ్ళిపోయాడు. చేపల కొట్టు వాళ్ళింటి నుంచి కోడలిగా వచ్చిన చిహారు సమ్మెట అందుకుంటే ఊరంతా ముక్కున వేలేసుకుంది. తొమ్మిదేళ్ళు మామగారి పక్కన చెమటోడ్చాక, ఆర్నెల్ల కిందట ఆయనే అన్నాడు, "ఇక నీ ముద్రతో నువ్వే చెయ్యమ్మాయ్" అని.

ఆయన ముద్ర దేవదారు కొమ్మ. ఆమెది అదే కొమ్మ, కింద ఒక చుక్క. మొదటి ఆరు ఉలులూ మొగుడి చేతిలోనే పెట్టింది. రోజూ సాయంత్రం "ఎలా తెగుతున్నాయి?" అని అడిగేది. "వెన్న కోసినట్టు" అనేవాడు శుంజి. ఆ మాట నమ్మి ఉక్కుకు అదే పదును పెట్టి, ఆరేసి ఉలుల పెట్టెలు మరో మూడు చేసింది. రేపు అవి క్యోటోలో గుడి కట్టే వడ్రంగులకు వెళ్ళాలి.

మొగుడి పనిముట్లు తుడుద్దామని వ్యానులోంచి పెట్టె దింపింది. పైన చుట్టలో ఆరు ఉలులున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకోగానే ఆమెకు ఏదో తేడాగా తోచింది. బరువంతా పిడి వైపే ఉంది. వెలుతురులోకి తెచ్చి చూస్తే ముద్రలో దేవదారు కొమ్మే ఉంది, కానీ ఒక ఆకు తక్కువ. ఎక్కడో ఏ కార్ఖానాలోనో మామగారి ఉలిని చూసి పోత పోసిన చవక సరుకు. పెట్టె అడుగున పాత తువ్వాలులో ఆమె ఉలులు ఐదున్నాయి, తాను చుట్టిన కాగితంలో, చుట్టినవి చుట్టినట్టే. ఆరోది లేదు.

చిహారుకు ఒళ్ళు మండింది. అన్నీ తీసుకుని ఇంట్లోకి నడిచింది.

లోపల శుంజి తాపీగా అన్నం తింటున్నాడు.

"ఏమండీ, నిన్న నా ఉలి ఎలా తెగిందన్నారు?"

"చెప్పాగా, వెన్న కోసినట్టు. ఆ ముల్లంగి ఊరగాయ ఇటు జరుపు."

ఊరగాయ గిన్నె పక్కన ఆ ఐదు కాగితపు చుట్టలూ పెట్టింది. వాటి పక్కన ఆరు నకిలీ ఉలులూ పరిచింది. శుంజి తినే పుల్లలు కింద పెట్టేశాడు.

"ఏ వెన్న కోశారండీ? కాగితం కూడా విప్పలేదే!"

"అది కాదు చిహారూ... సైటు మీద మేకులుంటాయి, సిమెంటుంటుంది. మంచివి పాడైపోతాయని..."

"దాచుకోవడానికి అవి బొమ్మలా? కొనడానికి ప్రపంచంలో ఇంకే ఉలీ దొరకలేదా? మామయ్య ముద్ర దొంగిలించినవే కావాల్సొచ్చాయా?"

"చవగ్గా వచ్చాయి, కొన్నాను. నేనొక్కణ్ణేనా? మా సైటులో నలుగురూ అవే వాడుతున్నారు."

"వాళ్ళెప్పుడు కొన్నారు? మీకంటే ముందా, తర్వాతా?"

శుంజి ఊరగాయ గిన్నె పక్కకు జరిపాడు. వాళ్ళు తర్వాతే కొన్నారు. తొకుమత్సు కొడుకే వాడుతుంటే మనం వాడితే తప్పేముందని కొన్నారు. ఆ సంగతి అతని ముఖంలోనే కనిపించింది.

పెరటి గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. వచ్చి కూచుని, ఒక నకిలీ ఉలిని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆకారం మాత్రం నాదేం కాదురా," అన్నాడు నెమ్మదిగా. "మా గురువుది చూసే నేనూ చేశాను. అడిగి చేశాను. పదకొండేళ్ళు ఆయనతో చీవాట్లు తిని చేశాను. ఇది చేసినవాడు మన గుమ్మం తొక్కలేదు. అయినా వాడి మీద నాకంత కోపం లేదు. వాడికి నేనెవణ్ణో తెలీదు. నీకు తెలుసు కదరా."

శుంజి లేచి వ్యాను దగ్గరికి వెళ్ళి, రుమాలులో చుట్టిన ఆరో ఉలి తెచ్చి భార్య ముందు పెట్టాడు. అంచు మీద చిటికెన వేలి గోరంత ముక్క ఎగిరిపోయి ఉంది.

"మొదటి రోజే విరిగింది," అన్నాడు. "నువ్వు గుమ్మంలో ఎదురుచూస్తున్నావు. నీ ముఖం చూసి చెప్పలేకపోయాను. నా వల్ల నీ మనసు విరగడం ఎందుకని..."

"మనసా!" చిహారు ఆ ఉలిని అతని ముందుకు తోసింది. "అదే పదునుతో ఇంకా మూడు పెట్టెలు చేశానండీ! రేపు పంపుతున్నాను! పద్దెనిమిది ఉలులు ఆ గుడి పైకప్పు మీద విరిగితే ఎవరి పేరు పోతుంది? తొమ్మిదేళ్ళు కాల్చుకున్న చేతులివి. నకిలీ ఉలి మీరు కొన్నది. నకిలీ మెప్పు నాకిచ్చారు. నేను దాన్ని అసలనుకుని మురిసిపోయాను."

ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చేసింది. శుంజి చెయ్యి చాపితే విదిలించి కొట్టింది.

తొకుమత్సు కల్పించుకున్నాడు. "అమ్మాయ్, నా మొదటి ఉలుల్ని మీ అత్తయ్య వాళ్ళన్న ఇదే పెరట్లోకి విసిరేశాడు. పనికిరాని ఇనుమని తిట్టాడు. ఆయన వడ్రంగి. వారం రోజులు నాకు ముద్ద దిగలేదు. ఆయన తిట్టబట్టే నాకు పని వచ్చింది." తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "కొలిమి వద్దన్నావు, సరే అన్నాను. వడ్రంగి నోటి మాట కూడా మాకు లేకుండా చేస్తావా?"

చిహారు కళ్ళు తుడుచుకుని లేచింది. కట్టెల మూల నుంచి చేవదేరిన దుంగ ఒకటి తెచ్చి శుంజి ముందు పడేసింది. కాగితంలోని ఉలి ఒకటి విప్పి, నూరి, అతని చేతికిచ్చింది.

"చెక్కండి. నిజం చెప్పండి."

శుంజి చెక్కాడు. నాలుగు దెబ్బలు వేశాడు. చెక్క పొరలు పొరలుగా లేచింది. ఐదో దెబ్బ ముడి మీద పడింది. ఉలి ఎత్తి అంచు మీద వేలు పెట్టి చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెగడం బాగా తెగుతోంది. కానీ మరీ గట్టిగా ఉంది చిహారూ. ముడి తగిలితే తట్టుకోలేదు. ఇదిగో, ఇక్కడ మళ్ళీ విరిగింది."

ఆమె ఆ అంచును చూసింది. ఎర్రగా కాలిన ఉలిని నీళ్ళలో తొందరపడి ముంచి పెళుసు చేసింది తనే. ఆ తొందర ఇప్పుడు ఆమె కళ్ళెదుటే ఉంది.

"ఆర్నెల్లకు నాతో నిజం మాట్లాడారు," అంది.

క్యోటో పెట్టెలు కట్టిన తాళ్ళు విప్పుకుని ఆరోజే మళ్ళీ అల్మరా ఎక్కాయి. సమయం కావాలని క్యోటో వాళ్ళకు ఫోను తనే చేస్తానన్నాడు మామగారు. వద్దు, నా ఉలి, నేనే చేస్తానంది చిహారు. రేపు సైటులో ఆ నలుగురికీ అవి నకిలీవని, తాను తప్పు చేశానని చెప్తానన్నాడు శుంజి.

"చెప్పి ఊరుకోకండి. ఈ విరిగినదీ చూపించండి," అంది ఆమె. ఆమె గొంతులో కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

నకిలీ ఉలుల్ని తొకుమత్సు చాప మీదికి రానివ్వలేదు. మిగిలినవాటికి తలా ఒక పండు పెట్టుకుంటూ వచ్చారు. చివరికి బుట్టలో అన్నిటికంటే పెద్ద కమలాపండు మిగిలింది. శుంజి దాన్ని తీసి, రెండు చేతులా పట్టుకుని, ఆరో ఉలి విరిగిన అంచు పక్కన పెట్టాడు. చిహారు ఆ పండును కాస్త సరిచేసి, అతని పక్కనే మోకాళ్ళ మీద కూచుంది.