ఆంప్లిఫయర్ పిలిచిన పేరు

గనుల్లోని ఇనుపరాయి చైనాకు తరలిపోతున్న రోజులట. కప్పగల్లు ఊరి బయట, గని లారీలు పోయే దారిలో, గని యజమాని జగదీశ్ పాత మేడ ఖాళీగా పడి ఉండేది. చీకటి పడితే అటు ఎవరూ పోయేవారు కాదు. వారం నుంచి ఆ ఇంట్లోంచి ఒక పేరు వినిపిస్తోంది…

దుర్గప్ప…

దుర్గప్ప ఆ గనిలోనే రాత్రి కావలి. వారం కిందట డ్యూటీకి పోయినవాడు తిరిగి రాలేదు. "ఎవత్తెనో ఎంటబెట్టుకోని గోవాకు పారిపోయినాడు" అని జగదీశే వచ్చి, అతని పెళ్ళాం కెంచమ్మకు చెప్పిపోయాడు. ఊళ్ళో మగాళ్ళా… మేడలోంచి ఆ పేరు విన్నారు, పరుగు తీశారు. మిగతా మాట ఒక్కడూ వినలేదు.

"పోవద్దే… దెయ్యమై పిలుస్తాండాడు" మేడకు బయలుదేరిన కెంచమ్మతో గుసగుసలాడింది పక్కింటి సిద్దక్క.

"పిలిస్తే పోవద్దా అక్కా? యాడ సచ్చినాడో ఆయప్పనే అడుగుతా!"

వెనక తలుపు గడియ కెంచమ్మకు తెలుసు. మూడేళ్ళు ఆ ఇంట్లో కసువు ఊడ్చింది. లోపలంతా చీకటి… హాల్లో మాత్రం నీలం వెలుగు.

ఆంప్లిఫయర్! జగదీశ్ బొంబాయి నుంచి తెప్పించిన పాతకాలపు విదేశీ స్టీరియోది. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. పాట పెడితే ఊరి చివర కిటికీలు అదిరేవి. బళ్ళారికి కాపురం మారుస్తూ దాన్ని ఆపడం మరిచినట్టున్నాడు. దాని అద్దం వెనక, సౌండు ఎంతో చూపే రెండు ముళ్ళు పడుకుని ఉన్నాయి.

ఉన్నట్టుండి — ముళ్ళు లేచాయి.

"…దుర్గప్ప గుంత… మట్టి చాల్లేదు… ఇంకో రెండు లోడ్లు పోయండి…"

ఆమె పెట్టె దగ్గరికి వంగింది. అది మొగుడి గొంతు కాదు. బతికున్న జగదీశ్ గొంతు!

మాట చివర గరగరమని చప్పుడు. దుర్గప్ప చేతిలో ఉండే గని వాకీటాకీ చప్పుడు అదే. తమ ఇంట్లో రేడియోలోకి కూడా దాని మాటలు ఇట్లాగే దూరేవి. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. గనిలో వాళ్ళు మాట్లాడుకునేదంతా ఈ పెట్టె లాక్కుని పలుకుతోంది.

కెంచమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట. కిటికీలన్నీ బార్లా తెరిచింది. పెట్టెకు అటూ ఇటూ ఉన్న నిలువెత్తు స్పీకర్లను ఈడ్చి ఊరివైపు తిప్పింది. సౌండు చివరికంటా పెంచింది.

కప్పగల్లు ఉలిక్కిపడి లేచింది. టార్చిలైట్లతో వీధుల్లోకి వచ్చిన జనం మీద జగదీశ్ గొంతు ఉరిమింది —

"పూడ్చినాక… పొద్దున ఆ దుర్గప్ప పెండ్లానికి ఒక మంచి చీర పంపండప్పా. పాపం, ఏడుస్తాంటాది."