చప్పట్ల తొట్టి

ఆ రాత్రి అప్పలసూరి జేబులో ఉన్నవి పదకొండు రూపాయలు. విశాఖపట్నం రైలు టిక్కెట్టుకీ, మర్నాటి కూటికీ సరిపోతాయి. కానీ స్టేషను చేరాలంటే చప్పట్ల తొట్టి దాటాలి.

విజయనగరానికి అవతల, జూట్ మిల్లు వెనక, దొరల నాటి నీలిమందు తొట్టి అది. నీళ్ళెప్పుడో ఇంకిపోయాయి. మిల్లులో తెగిపడ్డ చేతులన్నీ రాత్రిళ్ళు అందులో చేరి చప్పట్లు కొడతాయని చెప్పుకునేవారు. విన్నవాళ్ళు ఊరినిండా ఉన్నారు... తొంగి చూసినవాడు ఒక్కడూ లేడు.

అప్పలసూరి కుడిచేతి వేళ్ళు నాలుగు, నార దువ్వే మిషను నమిలేసి ఆరు నెలలైంది. రోలర్ల మీద ఉండాల్సిన ఇనప జల్లెడ మూత ఏనాడూ లేదు. మూత ఉంటే పని నిదానిస్తుందని మేస్త్రీయే తీయించేశాడు. కంపెనీ మాట వేరు — "వాడే తీసి పారేశాడు." అలా తీసినవాడికి చట్టం పైసా ఇవ్వదు. మర్నాడే విశాఖపట్నంలో, కూలీల పరిహారం తేల్చే కమిషనరు ముందు విచారణ. వచ్చే పరిహారంతో కిరాణా కొట్టు పెడితే రోజుకెంత మిగులుతుందో కూడా లెక్కేసుకున్నాడు పాపం. ఆ డబ్బు రాకపోతే ఒంటిచేతివాడికి కూలి ఇచ్చేదెవరు?

పక్క మిషను మీద పనిచేసే నూకయ్య పుంత దారి మలుపు దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఒరే సూరిగా... ఇటొద్దురా. రోడ్డు మీద ఎల్లిపో."

"రోడ్డు మీద మేస్త్రీ మనుసులున్నారు మావా. రైలెక్కనిస్తారేటి?" గొంతు తగ్గించాడు. "పోనీ నువ్వు రా. మూత ఎప్పుడూ నేదని ఒక్క మాట సెప్పు."

నూకయ్య తల దించుకున్నాడు. "నలుగురు పిల్లలురా... నా పని పోతే ఏటి తింతారు?"

"సరే. ఆ సేతులు నన్ను పట్టుకుంటే నీ పేరు సెప్తాన్లే."

నూకయ్య నవ్వలేదు.

అప్పలసూరి తుప్పల్లోంచి ఒంటరిగా నడిచాడు. వెన్నెల మసకగా ఉంది. తొట్టి గోడ కనబడిందో లేదో —

టప్... టప్... టప్.

ఆగి చెవి ఒగ్గాడు. నిజంగా చప్పట్లే! గాలి వీచింది — టప్, టప్. గాలి ఆగింది — అదీ ఆగింది. మళ్ళీ వీచింది... మళ్ళీ టప్.

గాలికి కొట్టుకునే చేతులేటి?

గుండె చిక్కబట్టుకుని తొంగి చూశాడు.

మూతలు! ఇనప జల్లెడ మూతలు. తుప్పు పట్టి, తీగలకు చిక్కి ఒకదాని మీద ఒకటి వేలాడుతూ, గాలికి గోడకేసి కొట్టుకుంటున్నాయి. లెక్కపెట్టాడు. పద్నాలుగు. మిల్లులో నార దువ్వే మిషన్లు కూడా పద్నాలుగే.

విరిగిన మెట్ల మీంచి జారుతూ దిగాడు. అరచేత్తో తుప్పు తుడుస్తూ వెతికితే దొరికింది — తన మిషను నంబరు, ఏడు. దాని కన్నాల్లోంచి దూసుకొచ్చిన అడివితీగ ఇనుమును కరచుకుని మణికట్టంత లావెక్కింది. ఆరు నెలల్లో ఏ తీగ ఇంత లావవుతుంది? ఈ మూత ఇక్కడ పడి ఏళ్ళయింది. అతను మిల్లులో చేరకముందే పడింది!

ఏడుపొచ్చింది. రాయితో తీగను అటూ ఇటూ నరికి, విచారణలో చూపడానికి తీగతో సహా మూతను ఎత్తబోయాడు. కదల్లేదు. ఎడమచెయ్యి జారింది. కుడిచేతి మొండి ఒరుసుకుని నెత్తురొచ్చింది. దూరంగా రైలు కూత వినబడింది.

"అమ్మా... ఒక్క సెయ్యి... ఒక్క సెయ్యి సాయం..."

మూత లేచింది.

తేలిగ్గా లేచింది. వెనకంచు ఎవరో పట్టుకున్నట్టే.

"మావా?... వొచ్చీసినావా?"

గాలి లేదు. మిగిలిన పదమూడు మూతలూ నిశ్శబ్దంగా ఉన్నాయి. వెనకవైపు ఇనుము మీద మాత్రం... వేళ్ళు లేని అరచెయ్యి ఏదో మెత్తగా సర్దుకుంటున్న అలికిడి.

అప్పలసూరి తిరిగి చూడలేదు.

"ఎవురైతేనేటి," అన్నాడు, "గట్టిగా పట్టు. బండొచ్చేస్తంది."

పై మెట్టు మీదికి కాలెత్తాడు.