సీసాలో లేని జింకు

శనివారం ఉదయం ఏడింటికే గ్లెనిస్ వంటింట్లో కుర్చీ కిటికీ వైపు తిప్పి, భర్త క్లైవ్‌ని చొక్కా విప్పించి కూర్చోబెట్టింది. సముద్ర తీరంలో ఈతగాళ్ల కాపలాకి బయల్దేరే ముందు ఆయన మెడకీ భుజాలకీ సన్‌స్క్రీన్ రాయడం ఆవిడ పని. రెండేళ్ల క్రితం ఆయన మెడ వెనక మచ్చ చర్మపు క్యాన్సర్ అని తేలి, కోసి తీసేసిన దగ్గర్నుంచీ ఒక్క పూట కూడా తప్పలేదు. కిందటి వారం ఆ కోత పక్కనే ఇంకో మచ్చ కనపడింది. డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. మంగళవారం ఫోన్ చేస్తానన్నాడు.

రెండు వీధుల అవతల ఉండే కూతురు బ్రోన్విన్ టిఫిన్‌కి వచ్చింది గానీ ఒక చోట కూర్చోలేకపోతోంది. టీ కప్పు పట్టుకుని తలుపు దాకా వెళ్తుంది, వస్తుంది.

"కూర్చోవే, నేల అరిగిపోతుంది," అంది గ్లెనిస్.

"నాన్నా, నీ మెడేంటి ఉడికిన రొయ్యలా ఉంది?"

"ముప్ఫై ఏళ్లు బొగ్గు గనిలో ఎండ మొహం చూడకుండా బతికాను కదా. దానికి నా మీద పగ," అన్నాడు క్లైవ్.

"ఆదివారాలు ఎక్కడ దొర్లేవాడివో అది కూడా చెప్పు," అంది గ్లెనిస్.

బ్రోన్విన్ నవ్వలేదు. ఆ సన్‌స్క్రీన్ సీసా తనే కొనిచ్చింది. యూనివర్సిటీలో ఆవిడ పనంతా అందులో ఉండే జింకు మీదే. పాతకాలపు జింకు పూత రాసుకుంటే తీరం కాపలావాళ్ల ముక్కులు సున్నం కొట్టినట్టు ఉండేవి. దాన్నే నానో కణాలుగా చేస్తే తెలుపు మాయమవుతుంది, ఎండ నుంచి కాపాడే గుణం మాత్రం ఉంటుంది. ఆ కంటికి కనపడని కణాలు ఒంటి మీద నుంచి ఎక్కడికి పోతాయన్నదే ఆవిడ పరిశోధన.

"రోజూ రాస్తుంటే ఇంతలా ఎలా కమిలింది?" అంటూ సీసా తీసి సంచిలో వేసుకుంది.

"అది పెట్టెయ్. నేను కొత్తది తెస్తాలే," అంది గ్లెనిస్ గబుక్కున.

బ్రోన్విన్ వినిపించుకోలేదు.

సోమవారం ల్యాబులో మూడు సార్లు పరీక్షించింది. మూడు సార్లూ ఒకటే జవాబు. సీసా మీద రాసి ఉంది గానీ లోపల జింకు జాడే లేదు. నాలుగు రోజులుగా ఎవరి మీద చూపాలో తెలియని కోపానికి ఒక చిరునామా దొరికినట్టయింది. సాయంత్రానికల్లా ఆరోగ్య శాఖకి రెండు పేజీల ఫిర్యాదు సిద్ధం చేసింది.

మంగళవారం ఉదయం ఆ కాగితాలతోనే పుట్టింటికి వచ్చింది. డాక్టరు ఫోన్ ఇంకా రాలేదు. నిలబడే చదవడం మొదలుపెట్టింది. రెండో పేరాకి వచ్చేసరికి టోస్టు మీద వెన్న రాస్తున్న గ్లెనిస్ చెయ్యి ఆగిపోయింది.

"ఆ ఉత్తరం పంపకు."

"ఎందుకు పంపకూడదు? జబ్బు మనిషికి ఉత్త కొవ్వు అమ్ముతున్నారమ్మా వీళ్లు."

"వాళ్లు కాదు. సీసా నేనే కడిగాను. అందులో ఉన్నది నేను చేతులకి రాసుకునే క్రీము."

బ్రోన్విన్ కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"కాపలా క్లబ్బులో వాళ్లు అంటూనే ఉన్నారు, నా దగ్గర గులాబీ వాసన వస్తోందని," అన్నాడు క్లైవ్ మెల్లగా.

"ఎన్నాళ్ల నుంచి?" అంది బ్రోన్విన్.

"రెండు వేసవుల నుంచి."

"నీకు మతి ఉందా అమ్మా? ఆయనకి ఒకసారి క్యాన్సర్ వచ్చింది."

"వచ్చింది కాబట్టే," అంది గ్లెనిస్. గొంతు పెరిగింది. "నువ్వే చెప్పావు, ఈ బల్ల దగ్గరే కూర్చుని. ఇది రాసుకున్న జనం రక్తంలో జింకు దొరికిందన్నావు. ఎంత సంబరంగా చెప్పావో."

"దొరికిందన్నాను. హాని చేస్తుందన్నానా?"

"చెయ్యదా అని అడిగాను. ఇప్పటిదాకా ఏమీ కనపడలేదు, ఖచ్చితంగా మాత్రం చెప్పలేం అన్నావు. మా నాన్నకీ గనిలో ఈ మాటే చెప్పారు. దుమ్ము వల్ల హాని ఉన్నట్టు ఏమీ కనపడలేదని. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవాడు. యాభై ఆరేళ్లకే పోయాడు. కంటికి కనపడని దుమ్ము సంగతి నాకు నువ్వు చెప్పాలా? దాన్ని తీసుకెళ్లి నా మొగుడి ఒంట్లోకి నా చేత్తోనే రుద్దమంటావా?"

"నన్ను ఇంకోసారి అడగాల్సింది."

"అడిగితే మళ్లీ అదేగా చెప్తావు. ఖచ్చితంగా చెప్పలేం అని."

బ్రోన్విన్‌కి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. తన వ్యాసం అచ్చుకి ఒప్పుకున్నారని వైన్ సీసా తెచ్చింది. అంత సూక్ష్మమైన జాడని పట్టుకోగలగడమే తన గెలుపు. దొరికింది ఎంత తక్కువో చెప్పాలని తోచనే లేదు. ల్యాబులో అది అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు మరి.

ఫోన్ మోగింది. క్లైవ్ లేచి గోడ వైపు తిరిగి మాట్లాడాడు. ఊఁ అన్నాడు, మళ్లీ ఊఁ అన్నాడు. ఫోన్ పెట్టేసి కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడ్డాడు.

"అదేనట. పైపైన ఉందట, లోపలికి పోలేదట. వచ్చే వారం కోసేస్తారు."

గ్లెనిస్ కూతురి వైపు తిరిగింది. "నా వల్లేనా? తిన్నగా చెప్పు. అయితే గియితే అనకు."

నాలుక చివరిదాకా వచ్చిన పాత మాటని బ్రోన్విన్ మింగేసింది. ఆ రోజుకి మొదటిసారి కూర్చుంది. తల్లి చేతిలోంచి కత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇలాంటివి ఏళ్ల తరబడి తిన్న ఎండ వల్ల పుడతాయి. నాన్న పద్నాలుగో ఏట నుంచీ తీరం మీదే ఉన్నాడు. దీన్ని పుట్టించింది నువ్వు కాదు. కానీ రెండు వేసవులు ఆయన మెడ మీద ఏ అడ్డూ లేదు. అది మాత్రం తప్పే అమ్మా, లేదనను."

గ్లెనిస్ తలూపింది.

"ఇంకోటి. ఆ రక్తంలో దొరికింది ఎంత తక్కువో నేను నీకు చెప్పలేదు. మీరు రోజూ ఈదే ఆ ఒడ్డు మీది రాతి కొలనులో చిటికెడు ఉప్పు వేసినట్టు."

"అది సముద్రపు నీళ్లే కదా. ఉప్పు ముందే ఉంటుంది," అన్నాడు క్లైవ్.

"అదే నాన్నా. జింకు కూడా మన ఒంట్లో ముందే ఉంది. మాంసంలో తింటూనే ఉన్నాం. గని దుమ్ము అలా కాదు, ఊపిరితిత్తుల్లోకి పోయి కరగకుండా కూర్చుంటుంది. నీ భయం ఊరికే పుట్టింది కాదమ్మా. ల్యాబులో జింకు పొడి తూచేటప్పుడు మేమూ మాస్కు లేకుండా దగ్గరికి పోం. ఇవన్నీ ఆ రోజే చెప్పాల్సింది. నీకు కావలసినవి ఇవే, నేను నా గొప్ప చెప్పుకుని వెళ్లిపోయాను."

గ్లెనిస్ తువ్వాలుతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. క్లైవ్ వచ్చి ఆవిడ తల మీద చెయ్యి పెట్టాడు. "ఏడవకు గ్లెన్. నన్ను ఇన్నాళ్లు సువాసనతో ఉంచింది నువ్వే."

ఆవిడ ఏడుపులోనే నవ్వి, అంతలోనే ఉలిక్కిపడినట్టు తువ్వాలు తీసేసింది.

"డోరీన్."

"డోరీనేంటి?"

"డోరీనొక్కతే కాదు, కొలనులో నాతో ఈదేవాళ్లు పదకొండు మంది ఉన్నారే. జింకు ఒంట్లోకి పోయి హాని చేస్తుందని మా అమ్మాయే చెప్పిందన్నాను వాళ్లతో. సైంటిస్టు మాట కదా అని అందరూ తమ సీసాలు చెత్తబుట్టలో పారేశారు."

బ్రోన్విన్ లేచింది. "ఇప్పుడు ఉంటారా?"

"తొమ్మిదింటిదాకా ఈదుతూనే ఉంటారు."

"పద. నేను చెప్తాను."

"నువ్వు మొదలుపెడితే వాళ్లు నీళ్లలోనే ముసలివాళ్లయిపోతారు," అంది గ్లెనిస్ చెప్పులు వేసుకుంటూ. "అన్నది నేను. నేనే చెప్తాను. నువ్వు పక్కన ఉండు. ఎంత అని అడిగితే మాత్రం ఆ ఉప్పు మాట ముందు చెప్పు."

ఇద్దరూ వాలు రోడ్డు దిగారు. ఎండ అప్పుడే కళ్లలో గుచ్చుతోంది. రాళ్లు కట్టిన కొలనులో రంగురంగుల టోపీలు అటూ ఇటూ తేలుతున్నాయి. డోరీన్ గట్టు దగ్గరికి ఈదుకొచ్చి, కమిలిన ముక్కుని చేత్తో తుడుచుకుంది.

"ఏం గ్లెనిస్, ఇవాళ ఇంత ఆలస్యం? ఈత బట్టలు కూడా వేసుకోలేదేం?"

గ్లెనిస్ చెయ్యి కూతురి చెయ్యి వెతుక్కుని గట్టిగా పట్టుకుంది.

"అందరినీ ఇటు పిలువు డోరీన్," అంది. "మీకు నేనొక తప్పు మాట చెప్పాను."