ఎడ్లబండి మీద వచ్చిన పసుపు

“పసుపేమన్న పెండ్లిపిల్లనారా, ఫలానా తారీఖు నాడు బండెక్కి ఊర్లె దిగనీకె?” అంజన్న తాత చేతిలోని చేటను పక్కన పెట్టేశాడు.

“అక్క చెప్పింది తాతా! స్కూల్ల మైకుల చెప్పింది.” బబ్లు పట్టు వదల్లేదు. “పందొమ్మిది వందల పదకొండు, మార్చి పదకొండు. నడిపయ్య అనే రైతు ఎడ్లబండి మీద ఆర్మూర్‌కు మొదటిసారి పసుపు తెచ్చిండు. అందరు చప్పట్లు కొట్టిండ్రు.”

“మా తాత పోరగాడిగ ఉన్నప్పుడే మా పొలంల పసుపు ఉండెనంట. మరి అది ఎవలు తెచ్చిండ్రు?”

“నాకేమెరుక? నువ్వు అప్పుడు లేవు గద!”

“నువ్వున్నవా?”

వాకిలి నిండా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరుతున్నాయి. వాటిని తిరగేస్తున్న అమ్మ స్నేహలత నడుము మీద చెయ్యి వేసుకుని లేచింది. “ఎంతసేపు మీ లొల్లి? సార్లే ఒప్పుకున్నరంటే పుస్తకాలల్ల ఉంటది మామా. మీరెందుకు వాదిస్తరు?”

గడపలో బబ్లు అక్క వర్షిత కూర్చుని ఉంది. విప్పిన బూటు లేసునే మళ్లీ ముడి వేస్తోంది.

వర్షిత ఆరో తరగతి. ప్రతి ఉదయం ప్రార్థన తర్వాత ‘చరిత్రలో ఈ రోజు’ చెప్పే పనిని సారును అడిగి మరీ తెచ్చుకుంది. అమ్మ ఫోన్‌లో వెతికి, రాసుకుని, బట్టీ పట్టి చెప్పేది. నిన్న టెలిఫోన్‌లో వినబడిన మొట్టమొదటి మాట గురించి చెబితే పిల్లలంతా నోళ్లు తెరిచి విన్నారు.

నిన్న సాయంత్రం మాత్రం కార్టూన్ వీడియోలు చూస్తూ కూర్చుంది. డేటా అయిపోయింది. పొద్దున చూడొచ్చులే అనుకుంది. పొద్దున లేచేసరికి ఫోన్‌తో సహా అమ్మ పొలానికి వెళ్లిపోయింది.

మైకు ముందు నిలబడ్డాక ఏమీ తోచలేదు. చూస్తే గౌను అంచుకు పసుపు మరక. అంతే, నోటికొచ్చింది చెప్పేసింది. నడిపయ్యను పుట్టించింది. బండిని పుట్టించింది.

సారు సంబరపడిపోయారు. “ఇది నాకే తెలియదమ్మా! నీకెవరు చెప్పారు?” అని పక్కకు పిలిచి అడిగారు.

“మా తాత, సార్.”

ఆ రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చేసింది.

“ఇంకో ముచ్చట!” బబ్లు ఎగిరి గంతేశాడు. “రేపు తాతను స్కూల్‌కు రమ్మన్నరు. మైకుల మాట్లాడాల్నంట!”

తాత ముఖంలో వాదన మాయమైంది. “నన్నా? మైకులనా?”

బడి గడప ఎన్నడూ ఎక్కని మనిషి. లోపలికి వెళ్లి ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తీసి తలుపుకు తగిలించాడు. రుమాలు ఉతికి ఆరేశాడు. తర్వాత కొమ్ముల కుప్ప పక్కన నిలబడి, దానికే ఉపన్యాసం మొదలుపెట్టాడు.

“పదకొండు తారీఖు... పందొమ్మిది వందల... వర్షితా, ముందు ఏది చెప్పాలె?”

వర్షిత తల దించుకుంది.

“నడిపయ్యది ఏ ఊరే? భీమ్‌గలా, ఆలూరా? ఎవలన్న అడిగితే నవ్వులపాలైత.”

“తాతా, మరి మీ తాత చెప్పింది?” అంది వర్షిత మెల్లగా.

“గా మాటనా?” తాత కుప్పలోంచి ఒక కొమ్ము తీసి చూశాడు. “నేనే తప్పు విన్న కావచ్చు బిడ్డా. చిన్నప్పటి మాట. నువ్వు చదువుకున్నదానివి, నీ మాటే చెప్త.”

వర్షితకు ఇక అక్కడ నిలబడాలనిపించలేదు. అమ్మను అడిగి ఫోన్ తీసుకుంది. ఈసారి వీడియోల జోలికి పోలేదు. రేపటి తారీఖు వెతికింది. రెండు చోట్ల చూసి, రెండూ ఒకటేనని తేలాక రాసుకుంది.

అన్నాలకు కూర్చునే వేళకు దుబాయ్ నుంచి నాన్న గంగాప్రసాద్ వీడియో కాల్ చేశాడు. అమ్మ ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టింది.

“ఏం నాయినా, మైకుల మాట్లాడుతవంట!” నాన్న నవ్వాడు.

“నీ బిడ్డ పుణ్యం. రేపు చూడు, మస్తు చెప్త,” అన్నాడు తాత.

వర్షిత కంచం ముందు నుంచి లేచింది.  ఫోన్‌లో నాన్నకు కూడా కనబడేలా నిలబడింది.

“రేపు మైకుల ముందుగాల నేనే మాట్లాడుత. నడిపయ్య లేడు. ఎడ్లబండి లేదు. అంత నేనే పుట్టించిన. తాత చెప్పిండని సారుకు అబద్ధం చెప్పిన. గీ మాట అందరి ముందు చెప్త.”

బబ్లు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. తాత తలుపుకున్న తెల్ల అంగీ వైపు చూశాడు.

“సారు గా పని ఇంకొకలకు ఇస్తడేమో బిడ్డా,” అంది అమ్మ.

“ఇయ్యనీ అమ్మా. రేపు ఉప్పు కోసం దండి యాత్ర బయలుదేరిన రోజు. అది రాసుకున్న. కానీ ముందు ఇది చెప్పినంకనే అది చెప్త.”

ఫోన్‌లో నాన్న మెల్లగా తల ఊపాడు.

“మరి నేను రావాల్నా, వద్దా?” అడిగాడు తాత. 

“రావాలె తాతా. మీ తాత పొలం ముచ్చట చెప్పు. తారీఖు తెల్వదంటే తెల్వదనే చెప్పు.”

 తాత కంచం దగ్గరికి లాక్కున్నాడు.

“ముందుగాల నువ్వు చెప్పు,” అన్నాడు. “నేను నీ పక్కనే నిలబడ్త.”