మగసాళ్ల రహస్యం

"దానికి నిప్పంటించండి," అంది డాక్టర్ అంజుమ్.

గౌస్ పాషా అగ్గిపుల్ల గీసి బల్లమీది దూదిపింజకు తాకించాడు. భగ్గుమంది. రెండు సెకన్లలో చిటికెడు బూడిద మిగిలింది.

"అంటుకుంది," అన్నాడు.

"అదే సమస్య."

బిజినేపల్లి శివార్లలో బోర్డు లేని పరిశోధన కేంద్రం అది. గదిలో ముగ్గురే ఉన్నారు. మొక్కల జన్యుశాస్త్రంలో పదకొండేళ్లుగా ఒకే పని మీద కూర్చున్న అంజుమ్. పొద్దున్నే హైదరాబాద్ నుంచి దిగిన డిపార్ట్‌మెంట్ చీఫ్ శ్రవణ్ కుమార్. పదహారేళ్ల సర్వీసు, నాలుగు పాస్‌పోర్టులు ఉన్న ఏజెంట్ గౌస్ పాషా. ఇస్తాంబుల్ పోస్టింగ్ వస్తుందని ఏడాదిగా ఎదురుచూస్తున్న అతన్ని, పుట్టి పెరిగిన వనపర్తికి గంట ప్రయాణం దూరంలోకి పంపారు.

"నువ్వు లోకల్. అందుకే నిన్ను పంపించాం," అన్నాడు చీఫ్.

గౌస్ పళ్లు నూరుకున్నాడు.

అంజుమ్ చెప్పుకుపోయింది. ప్రాజెక్ట్ పేరు 'నివురు'. మంట తగిలినా అంటుకోని పత్తి. పైన ఏ రసాయనమూ పూయరు. దారంలోనే ఆ గుణం ఉంటుంది, మొక్క జన్యువుల్లోంచే వస్తుంది. నిప్పు తాకితే అంచు నల్లబడి ఆరిపోతుంది. ట్యాంకుల్లో కూర్చునే సైనికుడి యూనిఫాం దానితో నేయాలని ఆశ. ఆ గుణమంతా సంకరానికి పుప్పొడి ఇచ్చే తండ్రి మొక్కలో ఉంది. ఆ తండ్రి గింజలు ఈ భూమ్మీద రెండు వందలే ఉన్నాయి. వాటిని కోల్డ్ రూమ్‌లో దాచారు.

"జూన్‌లో ప్యాకెట్ తెరిచి విత్తాం. ఇప్పుడు నవంబర్. కాయలు పగిలాయి. పరీక్ష చేశాను. మీరు చూసిందే జరిగింది. ఎవరో మే నెలలోనే అసలు గింజలు తీసుకుని మామూలు గింజలు పెట్టారు. ఆరు నెలలు ఉత్త పత్తికి నీళ్లు పోశాం గౌస్ సాబ్."

"ఇంకోచోట కొన్ని దాచిపెట్టలేదా?"

అంజుమ్ నవ్వింది. అది నవ్వులా లేదు. "రెండో కోల్డ్ రూమ్ కావాలని ఫైల్ పెట్టి మూడేళ్లయింది. మీ చీఫ్‌గారినే అడగండి, ఏ బల్లమీదుందో."

చీఫ్ కిటికీలోంచి బయటకు చూశాడు. "దొంగలు కోబాల్ట్ ముఠా. విదేశీ గుంపు. ఇక్కడ నడిపిస్తున్నవాడు లార్స్. మూడు రోజుల్లో సరుకు దేశం దాటుతుందని సమాచారం. ముఠాలో మన మనిషి ఉంది. మాలతి. రెండేళ్లుగా డబుల్ ఏజెంట్. నీకు దారి ఆమే చూపిస్తుంది."

"ఆమెకు నివురు సంగతి తెలుసా?"

"తెలీదు. విలువైన పత్తి అని మాత్రమే చెప్పాం. టాప్ సీక్రెట్ కదా! లోకల్ పోలీసులకు కూడా చెప్పొద్దు."

గాడ్జెట్‌గా ఒక పెన్ను ఇచ్చారు. దాని మొన పత్తికి ఆనిస్తే దారం స్కాన్ చేసి అసలుదో నకిలీదో చెబుతుందట. మారువేషం సీడ్ కంపెనీ ఆర్గనైజర్, అంటే రైతులకు గింజలిచ్చి విత్తనం పండించే మధ్యవర్తి. మోటార్ సైకిల్, మెడలో ఐడీ కార్డు, సంచిలో పాంప్లెట్లు. కోడ్ వర్డ్ కూడా ఇచ్చారు. 'ఈ బస్సు పెబ్బేరు మీదికెళ్లి పోతదా?' అని అడగాలి. 'పోతది గని ఆగదు' అన్నవాళ్లే మన మనిషి.

వనపర్తి బస్టాండ్‌లో గౌస్ ఆ మాట మెల్లగా అన్నాడు.

"పోతది గని ఆగదు," అంది పక్కనున్న పూలమ్మే ముసలామె.

గౌస్ ఉలిక్కిపడ్డాడు. ఇంకో రెండడుగులు వేసి ఒక పెద్దమనిషిని అడిగాడు. "పోతది గని ఆగదు సారు. ఎన్నిసార్లు చెప్పినా డ్రైవర్లు ఇంటలేరు." మూడోసారి ఒక కండక్టరు స్వయంగా అదే మాట చెప్పాడు. ఈ కోడ్ వర్డ్ రాసినవాడు జన్మలో వనపర్తి బస్టాండ్ మొహం చూసినవాడు కాదని గౌస్‌కు అర్థమైంది.

చివరికి ఆమే వచ్చింది. నెమలికంఠం రంగు గద్వాల చీర, నల్లకళ్లద్దాలు, ఎడమ మణికట్టు మీద ఒకదాని పక్కన ఒకటి రెండు గడియారాలు. బస్టాండంతా ఒక్కసారి తల తిప్పింది.

"పోతుంది గానీ ఆగదు," అంది మాలతి నవ్వుతూ. "ఒక గడియారం ఇక్కడి టైం, ఇంకోటి లార్స్ టైం. ఇద్దరు యజమానులున్నప్పుడు తప్పదు గౌస్ గారూ."

"సరుకెక్కడ?"

"శ్రీరంగాపూర్. చెరువు పక్కన లారీ. పన్నెండు గంటలకి."

గౌస్ పన్నెండుకి అక్కడున్నాడు. లారీ కూడా ఉంది. నలభై బస్తాలు దించి విప్పిస్తే అన్నింట్లోనూ పల్లికాయలు. డ్రైవర్ తిట్టిన తిట్లు విని ఊరుకోవడం తప్ప చేసేదేమీ లేకపోయింది. ఆర్గనైజర్ వేషంలో ఉన్నవాడు ఏ అధికారంతో బస్తాలు విప్పించాడో అతనే చెప్పలేడు.

మర్నాడు పాన్‌గల్ గోదాము. తలుపు పగలగొట్టి లోపలికి దూకితే ఖాళీ గది, ఒక ఎండిన తేలు. పెన్ను పరీక్షించి చూద్దామని గోడకానించాడు. 'అప్‌డేట్ కావాలి' అంది పెన్ను. సిగ్నల్ లేదు.

వీటన్నిటికంటే వేషం ఎక్కువ నరకం చూపించింది. ఎక్కడ బండి ఆపినా రైతులు చుట్టుముట్టేవారు. "సారూ, పోయినేడు మీరిచ్చిన సీడు మొలవనేలేదు." "మా చేను ఫెయిలైందని రాస్తివి, మల్ల మొకం చూపియ్యకపోతివి." ఎవడో చేసిన పాపానికి రెండు రోజులుగా తను క్షమాపణలు చెప్పుకుంటున్నాడు. అబద్ధపు ఐడీ కార్డు మెడకు ఉరితాడులా తగులుతోంది.

మూడో రోజు మధ్యాహ్నం మల్దకల్‌లో కిరాణా కొట్టు ముందు బండి ఆపి, సోడా అడిగాడు. కొట్టాయనతో ఒకామె యుద్ధం చేస్తోంది. యాభై ఏళ్లుంటాయి. కొంగు నడుముకు చుట్టి, నూనె ప్యాకెట్ గాల్లో ఊపుతోంది.

"కార్తీకమాసం దీపం బెట్టుకుందామంటే వత్తి అంటుకుంటలేదు! వారం సంది అగ్గిపెట్టెలు అగ్గిపెట్టెలే ఒడిసిపోతున్నయి. నీళ్లు కలిపి అమ్ముతున్నవా నూనె?"

"నూనెల ఏం లేదు బాలనాగమ్మా. గదే నూనెతోని ఊరంత దీపాలు బెడుతున్రు. నీ వత్తిలనే ఏమో ఉన్నది!"

"వత్తి పత్తిదే! చేనుల నా చేతులతోని ఏరింది!"

గౌస్ చేతిలో సోడా సీసా ఆగిపోయింది.

"అక్కా," అన్నాడు మెల్లగా. "ఆ వత్తి ఉన్నదా?"

ఆమె అనుమానంగా చూసి, కొంగు ముడి విప్పి ఇచ్చింది. గౌస్ కొట్టాయన లైటరు తీసుకుని వెలిగించాడు. కొస నల్లబడింది, ఎర్రగా ఒక చుక్క మెరిసింది, ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆరిపోయింది. పదకొండేళ్ల పరిశోధన నూనె కంపుతో అతని రెండు వేళ్ల మధ్య ఉంది.

"ఏ చేను అక్కా?"

బాలనాగమ్మ పదిహేనేళ్లుగా సీడు పత్తిలో క్రాసింగ్ కూలి. ఆడ పువ్వులకు మగ పువ్వుల పుప్పొడి చేత్తో అంటించే పని. పుప్పొడి ఇచ్చే మొక్కల వరసలే మగసాళ్లు. ఆమె దారి చూపిస్తూ చెప్పింది. "గిది ఇచిత్రమైన చేను సారు. క్రాసింగ్ అయిపోయినంక ఎవరైనా మగసాళ్లు పీకేస్తరు. వాటితోని ఇంకేం పని? ఈడ మాత్రం పీకనియ్యలే. కావలి బెట్టిన్రు. కౌలుకు పట్టినోళ్లెవరో మాకైతే తెల్వదు. నిన్న ఒక మేడం నిలబడి మగసాళ్ల పత్తి ఒక్క పింజ పోకుండా ఏరిపిచ్చుకున్నది."

"నీకెట్ల దొరికింది?"

"పోయిన వారం మొదటి కాయలు పగిలినప్పుడు పిడికెడు కొంగుల కట్టుకున్న. దొంగతనమేం గాదు సారు, వత్తులకే."

చేలో మగసాళ్లు నాలుగు. దొంగిలించిన గింజల్ని మామూలు సీడు చేనులా కనిపించేలా ఈ సాళ్లలోనే దాచి పెంచారన్నమాట. ఒక్క కాయలో కూడా పత్తి లేదు. నిన్న ఈ సమయానికి పాన్‌గల్‌లో తేలును చూస్తూ నిలబడ్డ సంగతి గుర్తొచ్చి గౌస్ మట్టిగడ్డను కాలితో తన్నాడు.

"ఆ మేడం ఎట్లుండె?"

"సినిమాలోళ్ల లెక్క ఉండె. ఒక్క చేతికే రెండు గడియారాలు. గట్ల ఎవరన్న పెట్టుకుంటరా?"

గౌస్ ఫోన్ తీసి మాలతికి కలిపాడు.

"గౌస్ గారూ, మీకే చేయబోతున్నా! వెంటనే నాగర్‌కర్నూల్ రండి. సరుకుతో సహా లార్స్ దిగాడు. నేను లాడ్జి ఎదురుగానే ఉన్నాను," అంది ఆమె గొంతు. ఆ గొంతు వెనకాల గంట మోగింది. 'ప్రయాణికులకు గమనిక...' అంతలో ఫోన్ కట్టయింది.

నాగర్‌కర్నూల్‌కు రైలు లేదు. వనపర్తిలో పుట్టినవాడికి ఆ సంగతి ఎవరూ బ్రీఫింగ్ ఇవ్వనక్కర్లేదు. ఈ దగ్గర్లో స్టేషన్ ఉన్నది గద్వాలలో. మూడు యాభైకి రాయచూరు ప్యాసింజర్. ఇప్పుడు మూడు ఇరవై.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. "మాలతి డబుల్ కాదు సార్, పూర్తిగా అటు మనిషే. రాయచూరు రైలెక్కుతోంది. రైల్వే పోలీసులకు చెప్పి బండి ఆపించండి."

"ఏమని చెప్పను? ప్రాజెక్టే లేదుగా అధికారికంగా. రాయచూరులో మన టీమ్‌ని దింపుతాను, కానీ వాళ్లు చేరేసరికి ఆలస్యం కావచ్చు. నువ్వే..."

గౌస్ ఫోన్ జేబులో కుక్కాడు. "అక్కా, బండెక్కుతవా? ఆ పత్తిని గుర్తుపట్టేది నువ్వొక్కదానివే."

"గద్వాలకా? మల్ల ఈన్నే దింపాలె మరి."

గద్వాల స్టేషన్‌కు చేరేసరికి ప్యాసింజర్ కూత వేస్తోంది. గౌస్ మొదటి పెట్టె నుంచి వెతుక్కుంటూ వచ్చాడు. పల్లి గంపలు, పాల క్యాన్లు, రాయచూరు దవాఖానకు పోయే ముసలివాళ్లు. నెమలికంఠం చీర ఎక్కడా లేదు. మూడో పెట్టెలో కిటికీ పక్కన ఒక నిండుచూలాలు కూర్చుని ఉంది. వెలిసిన నూలు చీర, తలమీద కొంగు, వాడిన మొహం. ఎవరో లేచి ఆమెకు సీటిచ్చినట్టున్నారు. గౌస్ దాటిపోబోయి ఆగాడు. పొట్టమీద ఆనించిన ఎడమచేతి మణికట్టు మీద, ఎండకు కమలని రెండు తెల్లటి పట్టీలు పక్కపక్కన కనిపించాయి.

"దిగండి మాలతి గారూ," అన్నాడు.

ఆమె కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. "ఎవరన్నా నువ్వు? పట్టపగలు గిట్ల ఎంటబడతవేంది? నా మొగుడు ఊళ్లె లేడని..."

పెట్టెలోవాళ్లంతా లేచారు. ఒకాయన గౌస్ కాలరు పట్టుకున్నాడు. "కడుపుతోని ఉన్న మనిషితోనా నీ యవ్వారం?" ఇంకొకాయన ఐడీ కార్డు చూసి, "సీడు ఆర్గనైజర్! మల్లొచ్చిండా!" అని అరిచాడు. రెండు దెబ్బలు భుజం మీద పడ్డాయి, మూడోది చెంప మీద. నిజం చెప్పే వీలు లేదు, అబద్ధం ఎవరూ నమ్మట్లేదు. ఆమె మీద చెయ్యి వేయలేడు. బండి కుదుపుతో కదిలింది.

"జరుగున్రి, జర జరుగున్రి!" బాలనాగమ్మ మోచేతులతో దారి చేసుకుని ముందుకొచ్చింది. మాలతి ఎదుట నిలబడి ఒక్క చూపు చూసింది. "ఎన్నో నెల తల్లీ?"

"ఎ... ఎనిమిది."

"ఎనిమిదో నెల కడుపు బొడ్డు మీదికి గిట్ల ఉంటదా? ఇరవై కాన్పులు జేసిన చేతులివి, నాకు చెప్తవా?"

మాలతి లేవబోయేలోపే బాలనాగమ్మ చీర కుచ్చిళ్ల పక్కనున్న బొందు దొరకబుచ్చుకుని లాగింది. గుడ్డ సంచి పిగిలింది. గింజలతో ఉన్న తెల్లటి పత్తి ఒడిలోంచి జారి సీటు మీద, కింద, అందరి కాళ్ల మీద పరుచుకుంది. గౌస్ కాలరు పట్టుకున్న చెయ్యి దానంతటదే వదిలేసింది. ఎవరో చైను లాగారు.

మాలతి మొహంలో వాడిపోయిన గర్భిణి మాయమైంది. జాకెట్లోంచి వెండి లైటరు బయటికి తీసింది. "నాకు దక్కనిది మీకూ దక్కదు గౌస్ గారూ," అంటూ వెలిగించి పత్తి కుప్పలోకి విసిరింది.

ఆడవాళ్లు కేకలు పెట్టారు. గౌస్ గింజలకు అడ్డంగా దూకాడు. ఆ క్షణంలో అతనికి జన్యువులూ గుర్తులేవు, బ్రీఫింగూ గుర్తులేదు. పత్తి, నిప్పు, రెండు వందల గింజల వంశం. అంతే.

ఏమీ జరగలేదు. నాలుగు పింజలు నల్లబడ్డాయి. లైటరు మంట కాసేపు వాటిని నాకి, విసుగెత్తినట్టు ఆరిపోయింది.

"అది అంటుకోదు తల్లీ," అంది బాలనాగమ్మ, పోటీలో ఓడినవాళ్లను ఓదార్చే గొంతుతో. "నేను వారం సంది ముట్టిస్తున్న."

మాలతి ఆ కుప్ప వైపే చూస్తుండిపోయింది. రెండేళ్లు ఇద్దరు యజమానుల దగ్గర పని చేసినా తను మోస్తున్నదేమిటో ఏ ఒక్కరూ ఆమెకు చెప్పలేదు. ఆమె పారిపోయే ప్రయత్నం కూడా చేయలేదు. పల్లి గంపల ఆడవాళ్లు ఇద్దరు ఆమెను చెరో రెక్కా పట్టుకుని రైల్వే కానిస్టేబుల్ వచ్చేదాకా వదల్లేదు. రాయచూరు ప్లాట్‌ఫారం మీద చంటిపిల్లల బట్టల సంచితో, నిండుచూలాలైన భార్య కోసం ఎదురుచూస్తున్నట్టు నటిస్తున్న లార్స్‌ను చీఫ్ పంపిన టీమ్ పట్టుకుంది. ఆలస్యంగానే చేరారు గానీ, ఆ రోజు రైలు వాళ్లకంటే ఆలస్యమైంది.

సాయంత్రం గద్వాల స్టేషన్ బల్లమీద కూర్చుని గౌస్, బాలనాగమ్మ గింజలన్నీ ఒక్కొక్కటిగా ఏరి సంచిలో పోశారు. అంజుమ్‌కు ఫోన్ చేస్తే ఆమె చాలాసేపు ఏడ్చింది, తర్వాత రెండో కోల్డ్ రూమ్ గురించి అడిగింది. చీఫ్ మాత్రం ఈ మిషన్ జరగనట్టే లెక్క కాబట్టి అభినందనలు కూడా రికార్డులో ఉండవన్నాడు. గౌస్ చెంప ఇంకా మండుతోంది.

"గీ పత్తితోని ఏం నేస్తరు సారు?" అని అడిగింది బాలనాగమ్మ.

చెప్పకూడదు. కానీ ఆమెకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలి? "సిపాయిలకు బట్టలక్కా. మంట అంటుకోని బట్టలు."

ఆమె సంచి మూతి బిగించి కట్టింది. "మంచిదే. మరి పొయ్యి ముంగట కూసుండేటోళ్లకు చీరలు ఎప్పుడు నేస్తరు?"

నాలుగు పాస్‌పోర్టుల గౌస్ పాషా గొంతు సవరించుకుని, ఆ ప్రశ్న తన స్థాయికి మించిన రహస్యమని చెప్పాడు.